ఊరు విడవాల్సింది ఎవరు?

ఎక్కడో ఒక నియంత మీదికి సైన్యాలు బయల్దేరుతున్నాయన్న వార్త వచ్చినప్పుడల్లా మా తెనాలి మిత్రుల మధ్య ఒకే వాదన లేస్తుంది. "ఆ ఒక్కణ్నీ ఏదో ఒక దేశం తీసుకుపోయి ఉంచుకుంటే సరిపోయేదానికి, ఇన్ని బాంబులెందుకండీ?" అని ఒకరంటారు. "వేలమందిని చంపించినవాడికి సముద్రపుటొడ్డున మేడ ఇచ్చి కూర్చోబెడతామా?" అని ఇంకొకరు లేస్తారు. 2003లో ఇరాక్ అప్పుడు ఈ మాటలే విన్నాను. 2011లో లిబియా అప్పుడు విన్నాను, తర్వాత సిరియా అప్పుడూ విన్నాను. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది గనకే ఆ వాదన ఇన్నేళ్లయినా తెగలేదు.

తెనాలి, బాపట్ల, రేపల్లె హైస్కూళ్లలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని. ఊళ్లలో తగవులకు పిలిస్తే వెళ్లి కూర్చున్నవాణ్ని. యుద్ధం చేసి లక్షలమందిని చంపుకునే బదులు నియంతను దేశం దాటించడమే మేలన్నది నా పక్షం. కాకపోతే ఆ పని చేసే తీరు ఒకటుంది. అది తప్పితే యుద్ధమూ ఆగదు, న్యాయమూ దక్కదు. పుస్తకాల్లో కొంత, ఈ మూడూళ్ల చుట్టుపక్కల కొంత నేర్చుకున్నది పిల్లలకు చెప్పినట్టే అంకెలు వేసి రాస్తున్నాను.

1. మా ప్రాంతంలో ఊరు విడిచింది ఎప్పుడూ దెబ్బలు తిన్నవాళ్లే

1919లో ప్రభుత్వం చీరాల, పేరాల గ్రామాలను కలిపి మునిసిపాలిటీ చేసింది. ఏడాదికి 4 వేల రూపాయలుండే పన్ను 40 వేలకు ఎగబాకింది. నేతపని మీద, కూలి మీద బతికే జనం కట్టలేమన్నారు. 1921 ఏప్రిల్ 6న గాంధీజీ చీరాల వచ్చినప్పుడు, హింస లేకుండా ఎదిరించాలంటే ఊరే ఖాళీ చేసి వెళ్లడం ఒక దారి అన్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట, 15 వేల జనాభాలో 13 వేలకు పైగా మనుషులు ఇళ్లకు తాళాలు వేసి ఊరవతల పాకలు వేసుకున్నారు. దానికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. చంటిపిల్లలతో, ముసలివాళ్లతో ఎండలకూ వానలకూ ఓర్చి 11 నెలలు అక్కడే ఉన్నారు. దుగ్గిరాలను జైల్లో పెట్టారు. చేతిలో డబ్బులు అయిపోయాయి. చివరికి జనం మళ్లీ పాత గుమ్మాలకే వచ్చారు. అంత త్యాగం చేసిన ఊరు భారతదేశంలో మరొకటి ఉందని చెప్పలేను. కానీ పన్ను వేసినవాళ్లు ఆ 11 నెలలూ తమ కుర్చీల్లోంచి కదల్లేదు.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపారు. చెరువు నీళ్ల దగ్గర మొదలైన తగవు అది. మిగిలినవాళ్లు ప్రాణాలు అరచేత పట్టుకుని చీరాలకు పరుగెత్తారు, అక్కడే కొత్త పేటలో స్థిరపడ్డారు. ఆరేళ్లకు, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపి గోనెసంచుల్లో కట్టి కాలువలోకి విసిరారు. ఆ ఊరివాళ్లు తెనాలి వచ్చారు. నేనప్పుడు తెనాలిలోనే పనిచేస్తున్నాను. శిబిరానికి బియ్యం పట్టుకెళ్లిన మాస్టర్లలో నేనూ ఉన్నాను. ఒక పెద్దావిడ బియ్యం సంచి వంక చూడనైనా చూడకుండా అడిగింది: "మేమెందుకు వచ్చాం మాస్టారూ? కొట్టినోళ్లు ఊళ్లోనే ఉన్నారుగా. పోతే వాళ్లు పోవాలిగా?"

ఆమెకు నేనేమీ జవాబు చెప్పలేదు. చెప్పగలిగినవాళ్లు ఆ రోజు తెనాలిలో ఎవరూ లేరు.

యుద్ధం వచ్చినా, యుద్ధం రాకుండా సర్దుబాటు చేసుకున్నా, మూటాముల్లె నెత్తిన పెట్టుకునేది బలం లేనివాళ్లే. నియంతను దేశం దాటించడమంటే ఈ నడకను తిరగేయడం. ఒకడు కదిలితే లక్షలమంది కదలనక్కర్లేదు. చుండూరు ఆవిడ అడిగినదానికి దేశాల స్థాయిలో నాకు తోచిన మొదటి జవాబు ఇదే. ప్రవాసాన్ని దుర్మార్గుడికి దక్కిన విశ్రాంతిగా చూసేవాళ్లు ఒక్కసారి ఆ శిబిరం వైపు నిలబడి చూడాలని నా మనవి.

2. వాడికి తగునా అని అడిగే ముందు ఎంతమంది పోతారో లెక్క వేయాలి

తెనాలి రణరంగచౌక్ మీదుగా రోజూ వేలమంది వెళ్తారు. 1942 ఆగస్టు 12న పోలీసుల తూటాలకు అక్కడ ఏడుగురు పోయారు. వాళ్ల పేర స్తంభాలు నిలిపారు. ఎనభై ఏళ్లు దాటినా ఏటా ఆ రోజున పూలు పడతాయి. ఏడుగురి చావును మోయడానికి ఒక పట్టణానికి ఇన్నేళ్లు పట్టింది. లక్షల లెక్క పేపర్లో చదివేటప్పుడు నాకు ఆ చౌక్ గుర్తొస్తుంది.

ఇథియోపియాలో మెంగిస్తు హైలె మరియం చేతుల మీద పోయిన ప్రాణాలకు అంతే లేదు. 1991 మే 21న అతను విమానమెక్కి జింబాబ్వే వెళ్లిపోయాడు. వారం తిరిగేసరికి, మే 28న తిరుగుబాటు సైన్యం అడిస్ అబాబాలో అడుగుపెట్టింది. నాయకుడు పోయాక వీధివీధినా పోరాడేంత పట్టుదల సైన్యానికి మిగల్లేదు. రాజధాని నెలల తరబడి కాలే ప్రమాదం అలా తప్పింది. మెంగిస్తు హరారేలో సుఖంగా ఉన్నాడన్నది నిజం. సొంత దేశపు కోర్టు అతను లేకుండానే విచారించి 2008లో మరణశిక్ష వేసింది, జింబాబ్వే అప్పగించలేదు. నాకూ కడుపు మండుతుంది. అయినా అడిస్ అబాబాలో ఆ వారం బతికి బట్టకట్టిన కుటుంబాల్ని అడగకుండా ఆ బేరం తప్పని అనలేను.

దీని పక్కన సిరియాను పెట్టి చూడండి. 2011లో జనం వీధుల్లోకి వచ్చారు. అధ్యక్షుడు బషర్ అల్ అసద్ 2024 డిసెంబరు 8న మాస్కో వెళ్లాడు. నడుమ 13 ఏళ్లలో లక్షలమంది చనిపోయారు, దేశంలో సగం జనం ఇళ్లు వదిలారు. ఆ విమానం మొదటి ఏడాదే ఎక్కి ఉంటే? చివరికి దక్కింది అదే మాస్కో కదా.

3. వెళ్లిపొమ్మని చెప్పే మాట నిజమైనదై ఉండాలి

2003 మార్చి 1న అరబ్ దేశాల అధినేతలు ఈజిప్టులోని షర్మ్ అల్ షేక్‌లో సమావేశమైనప్పుడు, ఎమిరేట్స్ అధ్యక్షుడు షేక్ జాయెద్ ఒక ప్రతిపాదన పంపారు. సద్దాం హుసేన్ అధికారం వదిలి దేశం విడిచి వెళ్లాలి, బదులుగా అతనికి రక్షణ హామీ ఇవ్వాలి. ఇరుగుపొరుగు దేశాలవాళ్లు నోరు తెరిచి ఆ మాట అనడం అదే మొదలు. సభ దానిమీద చర్చే చేయలేదు. మార్చి 17న అమెరికా అధ్యక్షుడు బుష్ టీవీలోకి వచ్చి, సద్దాం, అతని కొడుకులు 48 గంటల్లో దేశం వదలాలన్నారు. మర్నాడు ఆయన ప్రతినిధి ఇంకో మాట చెప్పారు. సద్దాం వెళ్లినా సరే తమ సైన్యం ఇరాక్‌లోకి వస్తుందని, అప్పుడు శాంతియుతంగా వస్తుందని.

పోయినా వస్తాం, పోకపోయినా వస్తాం అన్నప్పుడు అది యుద్ధానికి ప్రత్యామ్నాయం ఎలా అవుతుంది? మార్చి 20న బాంబులు పడ్డాయి. సద్దాం మొండివాడు, ఏ మాట చెప్పినా కదిలేవాడు కాదేమో. కానీ నిజంగా తలుపు తెరిచి చూపించినవాళ్లెవరూ లేరు గనక, ఇరాక్ పేరు చెప్పి "ప్రవాసం పనికిరాదని తేలింది" అనేవారి మాట నేను ఒప్పుకోను. అక్కడ ఆ మందు వేసి చూడలేదు.

మన తెలుగువాళ్లకు ఆ యుద్ధాలు పేపర్లో వార్తలు మాత్రమే కావు. 1990లో సద్దాం సైన్యం కువైట్‌ను ఆక్రమించినప్పుడు భారత ప్రభుత్వం విమానాలు పెట్టి దాదాపు 1,70,000 మందిని వెనక్కి తెచ్చింది. వాళ్లలో కడప, గోదావరి జిల్లాల పనివాళ్లు ఎందరో. ఎడారి దాటి జోర్డాన్ చేరి, అక్కడ గుడారాల్లో విమానం కోసం కాచుకున్నవాళ్లు వాళ్లు. అక్కడా మళ్లీ మూట ఎత్తుకున్నది కూలివాడే.

4. రాయబారి మీద నమ్మకం ఉండాలి, వెనక బలమూ కనబడాలి

తెనాలివాళ్లకు రాయబారం గురించి చెప్పడమంటే హనుమంతుడి ముందు కుప్పిగంతులే. శ్రీరామ విలాస సభ నాటకాలాడిన ఊరు ఇది. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావుగారు ఆడవేషం కడితే, మాధవపెద్ది వెంకట్రామయ్యగారు దుర్యోధనుడి వేషం కడితే, జనం తెల్లవార్లూ కదలకుండా కూర్చున్నారని మా నాన్న చెప్పేవారు. తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగ విజయాలు మా తాలూకాల్లో ఆడని ఊరు లేదు. వాటిలో కృష్ణుడి రాయబారం చూసినప్పుడల్లా నాకు ఒక్క సంగతే పట్టేది. యుద్ధం తప్పదని తెలిసీ కృష్ణుడు వెళ్తాడు. ఐదూళ్లిచ్చినా చాలంటాడు. అడగలేదన్న మాట మిగలకూడదని వెళ్తాడు.

ఆ మాట పట్టుకుని వచ్చినవాడెవరన్నది చాలా ముఖ్యం. 1794లో ఈస్టిండియా కంపెనీ విజయనగరం రాజు విజయరామరాజును రాజ్యం వదిలి మచిలీపట్నంలో ఉండమంది. నెలకు 1,200 రూపాయల భత్యం ఇస్తామంది. మాట తెచ్చింది, పేష్కషు బాకీల పేరుతో ఆయన్ని కుంగదీసిన ఆ కంపెనీయే. రాజు మచిలీపట్నం దారి పట్టలేదు. పద్మనాభం దగ్గర ఆగి, తన మనుషులతో కంపెనీ సైన్యానికి ఎదురు నిలిచి పోరులో చనిపోయాడు. ఆయన్ని నేను నియంతల జాబితాలో కలపడం లేదు. గద్దె దించాలనుకున్న శత్రువే వచ్చి పెన్షన్ ఇస్తానంటే, మానం ఉన్నవాడు కత్తే తీస్తాడని చెప్పడానికే ఆయన పేరు ఎత్తాను.

గాంబియాలో జరిగింది దీనికి పూర్తిగా ఎదురు. యాహ్యా జమ్మే 22 ఏళ్లు ఏలాడు. 2016 డిసెంబరు 1న ఎన్నికల్లో ఆడమా బారో చేతిలో ఓడాడు. మొదట ఒప్పుకుని, వారం తిరిగేసరికి మాట మార్చాడు. పశ్చిమాఫ్రికా దేశాల కూటమి ఒక చేత్తో సైన్యాన్ని సరిహద్దులో నిలిపింది, ఇంకో చేత్తో రాయబారాలు పంపింది. 2017 జనవరి 19న సెనెగల్ సైన్యం గీత దాటింది. దాటినచోటే ఆగింది. గినియా, మారిటానియా అధ్యక్షులు జమ్మే దగ్గరికి వెళ్లి కూర్చున్నారు. ఇద్దరూ ఆఫ్రికావాళ్లే, ఇద్దరూ అతనికి తెలిసినవాళ్లే. జనవరి 21 రాత్రి జమ్మే విమానమెక్కి ఈక్వటోరియల్ గినియా వెళ్లిపోయాడు. యుద్ధం జరగలేదు.

ఆ నెలలో భయంతో సెనెగల్‌లోకి పరుగెత్తిన గాంబియా జనం వేలల్లో ఉన్నారు. అతను వెళ్లిన తర్వాత వాళ్లు బస్సులెక్కి ఇళ్లకు వచ్చారు. ఒకడు పోయాడు, వేలమంది తిరిగొచ్చారు. ఈ వ్యాసంలో చెప్పదలచినదంతా నాకు ఆ ఒక్క వారంలో కనిపిస్తుంది.

5. ఇచ్చిన మాట నిలబెట్టాలి, నిలబెట్టలేని మాట ఇవ్వకూడదు

మా పక్కనే పల్నాడు. కోడిపందెంలో ఓడిన మలిదేవరాజు వర్గం, బ్రహ్మనాయుడితో సహా, ఏడేళ్లు రాజ్యం వదిలి వెళ్లింది. పందెం మాట ప్రకారం గడువు గడిపి వచ్చారు. నలగామరాజు రాజ్యం తిరిగి ఇవ్వనన్నాడు. రాయబారానికి వచ్చిన సొంత అల్లుడు అలరాజు విషప్రయోగానికి బలైపోయాడు. ఇక మిగిలింది కారంపూడి రణరంగం. శ్రీనాథుడు కావ్యం చేసిన కథ. కారంపూడిలో ఇప్పటికీ ఏటా వీరుల తిరునాళ్లు జరుగుతాయి. భారతంలోనూ అంతే, అడవికి పంపినవాళ్లకు తిరిగొచ్చాక మాట తప్పారు. ప్రవాసం వల్ల యుద్ధం ఆగాలంటే ప్రవాసం ఒప్పందంగా ఉండాలి. ఒప్పందానికి రెండువైపులా పూచీ కావాలి.

ఇది నాకు రేపల్లె అవతల, కాలువ చివరి ఊరొకదాంట్లో ఇంకా బాగా అర్థమైంది. దాళ్వా నీళ్ల దగ్గర తగవు. ఊళ్లో పెద్ద ఆసామి రాత్రిళ్లు తూము దగ్గర మనుషుల్ని కాపలా పెట్టి నీళ్లన్నీ తన చేలకు మళ్లించుకునేవాడు. అడగబోయిన ఇద్దరికి తలలు పగిలాయి. ఊరు రెండుగా చీలి కర్రలు, బరిసెలు బయటికి తీసింది. పెద్దమనుషులం కూర్చుని ఆసామిని కోతలయ్యేదాకా అల్లుడి ఊరు వెళ్లి ఉండమన్నాం. ఆయన అడిగింది రెండే. "నా చేను ఎవరు కోస్తారు? నా ఇంటి మీదికి ఎవరూ రారని ఎవరు పూచీ?" కుర్రాళ్లు మండిపడ్డారు. తలలు పగలగొట్టినవాడికి పూచీలేంటని. పూచీ మేమే పడ్డాం. చేను కోయించాం, కుప్ప వేయించాం, నూర్పిడి చేయించి బస్తాలు లెక్కపెట్టి అప్పగించాం. తలలు పగిలిన కేసు మాత్రం వెనక్కి తీయించలేదు. తీయిస్తామని ఆయనకు మాటా ఇవ్వలేదు. కేసు కోర్టులో నడిచింది, ఆయన వాయిదాలకు వచ్చాడు, జరిమానా కట్టాడు. ఊళ్లో ఇంకో తల పగల్లేదు.

లైబీరియా నియంత చార్లెస్ టేలర్ విషయంలో ప్రపంచం ఈ తేడా చూపలేదు. 14 ఏళ్ల అంతర్యుద్ధాల్లో 2 లక్షలకు పైగా ప్రాణాలు పోయాయని అంచనా. రాజధాని మన్రోవియా చుట్టూ ఫిరంగులు మోగుతుండగా, 2003 ఆగస్టు 11న టేలర్ గద్దె దిగి నైజీరియా వెళ్లాడు. అక్కడితో యుద్ధం ఆగింది. 2006లో నైజీరియా అతన్ని అప్పగించింది. సియెర్రా లియోన్‌లో అతను చేయించిన ఘోరాలకు 2012లో 50 ఏళ్ల జైలు శిక్ష పడింది. ఆ శిక్ష న్యాయమైనదే. నిజానికి అతను నైజీరియా వెళ్లకముందే ఆ కేసు ఉంది. కానీ పంపేటప్పుడు "నిన్ను గుంపుల నుంచి కాపాడతాం, కోర్టు నుంచి కాపాడం" అని ఎవరూ ముఖం మీద చెప్పలేదు. తర్వాత వచ్చిన నియంతలు ఆ సంగతి గమనించకుండా ఉంటారా? 2011లో లిబియా నియంత గడాఫీ మీద అంతర్జాతీయ నేర న్యాయస్థానం వారెంటు ఇచ్చాక అతను ఇంకా గట్టిగా నేలను పట్టుకున్నాడు. అక్టోబరు 20న సొంత ఊరి దగ్గర గుంపు చేతిలో చచ్చాడు. లిబియా ఆ తర్వాత కుదురుకోనేలేదు.

6. హైదరాబాద్: దేశం దాటించకుండా పదవిలోంచి దించిన తీరు

మా తాలూకాలు కూడా ఒకప్పుడు నిజాం ఏలుబడిలోవే. గుంటూరు సర్కారు 1788లో గానీ కంపెనీ చేతికి రాలేదు.  అందుకే 1948 గురించి మా ఇళ్లలో మాట్లాడుకునేటప్పుడు పరాయి కథలా ఉండేది కాదు. రజాకార్ల దాడులకు భయపడి తెలంగాణ పల్లెల నుంచి కృష్ణా, గుంటూరు జిల్లాలకు వచ్చి తలదాచుకున్న కుటుంబాల సంగతి మా నాన్న చెప్పేవారు. ఇక్కడా మొదట కదిలింది వాళ్లే.

1947 నవంబరు 29న నిజాంకూ భారత ప్రభుత్వానికీ మధ్య యథాతథ ఒప్పందం కుదిరింది. ఆ తర్వాత నెలల తరబడి మాటలు నడిచాయి, మాటల మధ్య దాడులు నడిచాయి. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం నాలుగు దిక్కుల నుంచి ప్రవేశించింది. 17న మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ లొంగిపోతున్నానని రేడియోలో ప్రకటించారు. మర్నాడు ఆయన సేనాపతి ఎల్ ఎద్రూస్, జనరల్ చౌధురీ ముందు ఆయుధాలు అప్పగించారు. నిజాంను దేశం దాటించలేదు, జైల్లో పెట్టలేదు. ఏడాదికి 50 లక్షల రూపాయల రాజభరణం ఇచ్చారు. 1950 జనవరి 26 నుంచి 1956 అక్టోబరు 31 దాకా రాజప్రముఖ్ హోదాలో ఉంచారు. 1967లో హైదరాబాద్‌లోనే పోయారు.

ఇది చదివిన పిల్లలు క్లాసులో కోపంగా అడిగేవారు. తెలంగాణ రైతు వెట్టిచాకిరీలో నలిగిపోతే ఆ రాజుకు భరణమా అని. వాళ్ల కోపం న్యాయమే. వాళ్లకు నేను చెప్పింది ఇది. కాల్పులు ఆపమని చెప్పగలిగిన గొంతు ఆ రోజు హైదరాబాద్‌లో ఒక్కటే ఉంది. ఆయన పారిపోయి ఉంటే, లేదా ఆయన్ని చంపి ఉంటే, ఆయుధాలు దించమని సిపాయికి ఎవరు చెప్తారు? జపాన్ చక్రవర్తి హిరోహితో 1945 ఆగస్టు 15న రేడియోలో మాట్లాడాకే ఆ సైన్యం నిలిచింది. అమెరికన్లు ఆయన్ని గద్దె మీదే ఉంచారు. ఒక్కోచోట మనిషిని ఇంట్లోనే ఉంచి కోరలు తీసేయడం, పంపేయడం కంటే మేలు. అయితే అతను మాట వినేవాడై ఉండాలి. చుట్టూ ఉన్న కొత్త ప్రభుత్వానికి అతన్ని అదుపులో పెట్టే సత్తా ఉండాలి.

ఇంత చెప్పీ ఒకటి దాచకూడదు. పైన ఉన్నవాళ్లకు దారి దొరికింది. ప్రధాని లాయక్ అలీ గృహనిర్బంధంలోంచి 1950లో తప్పించుకుని పాకిస్తాన్ చేరాడు. రజాకార్ల నాయకుడు కాశిం రజ్వీ కొన్నేళ్లు జైల్లో ఉండి, 1957లో విడుదలై తనూ పాకిస్తాన్ వెళ్లాడు. కింద ఉన్నవాళ్లకు ఏ దారీ దొరకలేదు. సైనిక చర్య తర్వాత, ముఖ్యంగా మరాఠ్వాడా జిల్లాల్లో, పగ తీర్చుకున్న గుంపులు మామూలు ముస్లిం కుటుంబాల మీద పడ్డాయి. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని రాసింది. ఆ నివేదిక 2013 దాకా జనం చేతికి రాలేదు. రాజుతో ఒప్పందం రాసుకున్నవాళ్లు ఆ రాజు పేరు చెప్పి దెబ్బలు తినబోయే ఊళ్లకు కూడా కాపలా పెట్టి ఉండాల్సింది. నియంత వెళ్లిన రాత్రి అతని కులంవాళ్ల, మతంవాళ్ల వీధి ఎలా ఉంటుందో ముందే ఆలోచించని ఒప్పందం సగం ఒప్పందమే.

7. మనిషిని పంపాలి, ఖజానాను పంపకూడదు

దీని గురించి ఎక్కువ రాయక్కర్లేదు. ఫిలిప్పీన్స్ మార్కోస్ 1986 ఫిబ్రవరిలో నగలూ నోట్ల పెట్టెలతో హవాయి వెళ్లాడు. 2022లో ఆయన కొడుకు అదే దేశానికి అధ్యక్షుడయ్యాడు. జమ్మే కూడా ఖరీదైన కార్లను విమానాల్లో వేసుకుపోయాడు. వాటిని ఆపకుండా వదలడమే ఆ మంచి ఒప్పందంలో ఉన్న లోపం. దగ్గర్లో ఉంచడమూ ప్రమాదమే. నెపోలియన్‌ను 1814లో ఎల్బా దీవిలో పెడితే ఏడాది తిరక్కుండా తిరిగొచ్చి వాటర్లూ దాకా తెచ్చాడు. తర్వాత సెయింట్ హెలీనాకు పంపారు, అక్కడి నుంచి ఇక రాలేదు. డబ్బు, ఫోను, పాత సేనాపతులు ఈ మూడూ అతని చేతికి అందకుండా చూసే దేశమే ఆశ్రయం ఇవ్వడానికి తగినది.

8. ఆశ్రయం ఇచ్చిన గడ్డ మీదే విచారణ జరగాలి

ప్రవాసం యుద్ధాన్ని ఆపుతుంది. చంపబడ్డవాళ్ల తరఫున ఎవరు మాట్లాడాలన్నది అప్పుడూ తేలకుండానే ఉంటుంది. రాజీ కుదిర్చిన దేశాలకు వాళ్ల పేరున క్షమించే హక్కు లేదు. ఆ హక్కు ఉన్నవాళ్లు వేరే.

చాడ్ దేశపు హిస్సేన్ హాబ్రే ఎనిమిదేళ్లు ఏలి, 1990 డిసెంబరులో సెనెగల్‌కు పారిపోయాడు. అతని కాలంలో 40 వేల మంది దాకా చనిపోయారని అక్కడి విచారణ సంఘం అంచనా వేసింది. సులేమాన్ గెంగెంగ్ అనే ఒక అకౌంటెంటు ఆ జైళ్లలో రెండేళ్లకు పైగా మగ్గాడు. బతికి బయటపడితే సాక్ష్యం చెబుతానని లోపలే ఒట్టు పెట్టుకున్నాడు. బయటికొచ్చి తోటి ఖైదీల వాంగ్మూలాలు వందల్లో రాయించి, కాగితాలు ఇంటి దగ్గర దాచి, ఏళ్ల తరబడి కాచుకున్నాడు. చివరికి ఆఫ్రికా దేశాలన్నీ కలిసి సెనెగల్ రాజధాని డకార్‌లోనే ప్రత్యేక న్యాయస్థానం ఏర్పాటు చేశాయి. గెంగెంగ్ అక్కడికి వెళ్లి హాబ్రే ఎదుట సాక్ష్యం చెప్పాడు. 2016 మే 30న హాబ్రేకు యావజ్జీవ శిక్ష పడింది. శిక్ష అనుభవిస్తూనే 2021లో చనిపోయాడు. కోర్టు చెప్పిన పరిహారం కోసం బాధితులు ఆ తర్వాత కూడా ఏళ్లపాటు తిరగాల్సి వచ్చింది.

చుండూరువాళ్లు పోరాడి సాధించుకున్నదీ ఇలాంటిదే. కోర్టు తమ ఊళ్లోనే కూర్చోవాలన్నారు. కూర్చుంది. 2007 జూలై 31న ఆ ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఆ తీర్పు చదివిన రోజు నాకు శిబిరంలో బియ్యం సంచి దగ్గర నిలబడ్డ ఆవిడ మాటలే చెవిలో పడ్డాయి. అయినా, ఊళ్లో కూర్చున్న ఆ కోర్టు ముందు సాక్షులు నిలబడి పేర్లు చెప్పారు. ఆ చెప్పడాన్ని ఏ తీర్పూ కొట్టేయలేదు.

ఇప్పుడు ఈ ప్రశ్న మన దేశం గుమ్మంలోకే వచ్చింది. 2024 ఆగస్టు 5న బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా గద్దె దిగి ఢిల్లీ చేరారు. 2025 నవంబరు 17న ఢాకా ట్రిబ్యునల్ ఆమె లేకుండానే మరణశిక్ష విధించింది. అప్పగించమని బంగ్లాదేశ్ అడిగింది. ఆమెను ఈ వరుసలో చేర్చాలా అన్న చర్చ వేరు, నేను అందులోకి వెళ్లను. తలుపు తట్టి వచ్చినవాళ్లను ఉరికంబానికి పంపకూడదని నేను గట్టిగా నమ్ముతాను. అదే గట్టిదనంతో, ఆమె పాలన చివరి రోజుల కాల్పుల్లో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రుల మాట వినే చోటు ఒకటి ఉండి తీరాలనీ నమ్ముతాను. సెనెగల్ ఆ రెండూ చేసి చూపించింది. మనం చేద్దామంటే చట్టమే లేదు. మానవాళిపై నేరాలు, జాతి నిర్మూలన మన నేరచట్టంలో విడి నేరాలుగా లేవని 1984 సిక్కుల ఊచకోత కేసులో 2018 డిసెంబరులో తీర్పు ఇస్తూ ఢిల్లీ హైకోర్టే ఎత్తిచూపింది. ఆ తర్వాత శిక్షాస్మృతి పేరు మార్చి కొత్తగా రాసుకున్నాం. అందులోనూ వాటికి చోటివ్వలేదు. మా గుంటూరు, బాపట్ల ఎంపీలు ఏ పార్టీవారైనా సరే, ఈ ఒక్క చట్టం కోసం సభలో లేచి అడగాలి. తెనాలి, చీరాల శిబిరాలను చూసిన జిల్లాల నుంచి వెళ్లినవాళ్లు కాకపోతే ఇంకెవరు అడుగుతారు?